గాలిని పండించుకున్న చిన్న దేశం, ఎండ మెండుగా ఉన్న మన పల్నాడు



వేసవి వచ్చిందంటే ప్రాంతీయ వార్తల్లో మన రెంటచింతల పేరు వినబడుతుంది. రాష్ట్రంలో ఎండ ఎక్కడ ఎక్కువగా కాసిందో చెప్పేటప్పుడు ఆ ఊరి పేరు తరచుగా ముందు వరుసలో ఉంటుంది. మనం ఆ మాట విని నిట్టూర్చి, గొంతు తడుపుకొని, ఈ ఏడాది వానలెప్పుడో అనుకుంటాము. ఆరు వందల ఏండ్ల క్రితం శ్రీనాథ మహాకవి కూడా పల్నాటి రాళ్లను, జొన్నకూటిని, నీటి కరువును చూచి విసుక్కొన్నవాడే. ఆయన విసుక్కొన్న వాటిలో నీటి కొరతను నాగార్జునసాగరు కొంతవరకు తీర్చింది. రాళ్లు మాచర్ల బండలై, పిడుగురాళ్ల సున్నమై మనకు కూడు పెడుతున్నాయి. ఎండ ఒక్కటే ఇంకా తిట్లు తింటూ ఉన్నది.

ఆ ఎండను గూర్చి, దానితోపాటు గాలిని, నీటిని గూర్చి ఈ నెల కొంత ఆలోచిద్దాము. ఇళ్లమీద సోలారు పలకలు పెడతామని ఊళ్లలో తిరిగేవారు ఎక్కువయ్యారు. కొందరు మంచి మాట చెపుతున్నారు, కొందరు మాయమాట చెపుతున్నారు. మన కుటుంబాలు అప్పు చేయవలసిన విషయం ఇది. కొందరికైతే పొలాన్ని పాతికేళ్లు అప్పగించవలసిన విషయం. కాబట్టి తొందరపడక ముందూ వెనుకా తెలుసుకోవడం అవసరం. ముందుగా, ఇదే పనిని మనకంటే ముందు చేసిన ఒక చిన్న దేశం సంగతి చూద్దాము.

సముద్రపు ఒడ్డున ఒక చిన్న దేశం

ఐరోపా ఖండపు ఉత్తర భాగంలో డెన్మార్కు అనే దేశమున్నది. మూడు వైపులా సముద్రం, నాలుగు వందలకు పైగా దీవులు. విస్తీర్ణం సుమారు 43,000 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఆంధ్రప్రదేశ్‌లో నాలుగో వంతు. జనాభా దాదాపు 60 లక్షలు.

ఆ దేశం తెలుగువారికి బొత్తిగా పరాయిది కాదు. 1706లో డెన్మార్కు రాజు నాలుగవ ఫ్రెడరిక్ పంపిన మిషనరీలు తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో దిగారు. బైబిలును తెలుగులోకి అనువదించిన తొలి వ్యక్తుల్లో ఒకడైన బెంజమిన్ షుల్జ్ ఆ మిషను ద్వారానే మన దేశానికి వచ్చాడు. ఆనాడు ఆ ఓడలను ఇంత దూరం తీసుకొని వచ్చింది గాలే. అదే గాలి నేడు ఆ దేశంలో దీపాలు వెలిగిస్తున్నది. డెన్మార్కులో తయారయ్యే కరెంటులో సగానికి పైగా గాలిమరల నుండి వస్తున్నది.

ఇది ఒక ప్రభుత్వ ఉత్తర్వుతో ఒక్క రాత్రిలో జరిగిన పని కాదు. నూరేండ్లకు పైగా పట్టింది. అది మొదలైన చోటు కూడా ఒక పెద్ద కర్మాగారం కాదు, ఒక పల్లెటూరి బడి.

పల్లె బడిలో మొదలైన పని

గ్రుంట్‌విగ్ (1783–1872) అనే ఒక డేనిష్ పాదిరిగారు, కీర్తనలు రాసిన కవి, రైతు బిడ్డల చదువును గూర్చి చాలా ఆలోచించాడు. పరీక్షలు, పట్టాలు లేకుండా, పెద్ద వయసు వచ్చిన పల్లె యువకులు చలికాలంలో కొన్ని నెలలు కలసి ఉండి చదువుకొనే బడులు ఉండాలన్నది ఆయన తలంపు. ఆ తలంపుతోనే 1844లో రోడింగ్ అనే ఊరిలో మొదటి జానపద ఉన్నత పాఠశాల పెట్టారు. తరువాత అలాంటి బడులు దేశమంతటా వెలిశాయి.

వాటిలో ఒకటి ఆస్కోవ్ గ్రామంలోనిది. అక్కడ పౌల్ లా కూర్ (1846–1908) అనే మాస్టారు భౌతికశాస్త్రం బోధించేవాడు. ఆ రోజుల్లో కరెంటు పట్టణాలకే వచ్చేది. పల్లెలకు తీగ వేస్తే లాభం లేదని కంపెనీలు అనుకొనేవి. పల్లెలు చీకటిలో ఉండిపోతే యువకులు పట్టణాలకు వలసపోతారని ఆయన బాధపడ్డాడు. 1891లో బడి ఆవరణలోనే ఒక గాలిమర కట్టి దానితో కరెంటు తీశాడు.

గాలి ఒక రోజు ఉంటుంది, ఒక రోజు ఉండదు. మరి కరెంటును దాచుకోవడం ఎలా? ఆ కరెంటుతో నీటిని విడగొట్టి ఉదజని వాయువును తీసి, తొట్లలో నిలువచేసి, దానితో బడిలో దీపాలు వెలిగించాడు. ఆ వాయువులో కొద్దిగా ప్రాణవాయువు కలిసినందువల్ల అది పేలి, బడి కిటికీల అద్దాలు పగిలిపోయిన సందర్భాలు ఉన్నాయి. అయినా పని మానలేదు. 1903లో ఒక సంఘాన్ని స్థాపించి, పల్లె యువకులకు కరెంటు పని నేర్పే శిక్షణ పెట్టించాడు. 1904లో ఆ శిక్షణ పొందిన యొహానెస్ యూల్ అనే యువకుడు 1957లో గెడ్సర్ అనే చోట 200 కిలోవాట్ల గాలిమరను నిలబెట్టాడు. నేటి మూడు రెక్కల గాలిమరలకు అది పెద్దన్న వంటిది.

ఒక మాస్టారు నాటిన విత్తు ఏబది ఏండ్లకు అతని విద్యార్థి చేతిలో మొలకెత్తింది. సండేస్కూలు టీచర్లకు ఈ మాట ప్రత్యేకంగా చెపుతున్నాను.

చమురు ఆగిన ఏడాది

ఆ తరువాత చౌక చమురు వచ్చింది. గాలిమరలను అందరూ మరచారు. 1973 నాటికి డెన్మార్కు వాడే ఇంధనంలో దాదాపు పదింట తొమ్మిది వంతులు బయటి దేశాల చమురే. ఆ ఏడాది మధ్యప్రాచ్యంలో యుద్ధం వచ్చి చమురు సరఫరా బిగుసుకొన్నది, ధర ఆకాశాన్ని అంటింది. ఆదివారాలు కార్లు బయటకు తీయరాదని ప్రభుత్వం ఆంక్ష పెట్టవలసివచ్చింది.

అప్పుడు పాత గాలిమర గుర్తుకు వచ్చింది. క్రిస్టియన్ రీసాగర్ అనే ఒక వడ్రంగి గెడ్సర్ నమూనాను చూచి తన పెరట్లోనే 22 కిలోవాట్ల మరను కట్టి కరెంటు తీగకు కలిపాడు. కమ్మరులు, రైతు పనిముట్లు చేసేవారు ఈ పనిలోకి దిగారు. 1985లో ఆ దేశపు పార్లమెంటు అణువిద్యుత్తు వద్దని తీర్మానించింది. 1991లో విండెబీ వద్ద సముద్రంలో 11 గాలిమరలు నాటారు. ప్రపంచంలో సముద్రంలో కట్టిన మొదటి గాలిమరల తోట అదే. పాతికేళ్లు పనిచేసి 2017లో దాన్ని తొలగించారు.

అయితే మనం ముఖ్యంగా గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఆ మరల్లో చాలాభాగం మొదట్లో పెద్ద కంపెనీలవి కావు. ఇరుగుపొరుగు కుటుంబాలు కలసి, ఒక్కొక్కరు కొన్ని వాటాలు కొని, సంఘంగా ఏర్పడి ఒక మరను నిలబెట్టుకొనేవారు. 2001 నాటికి ఇలా వాటాలున్న కుటుంబాలు లక్షకు పైగా ఉండేవి. తన వాటా తిరుగుతున్నప్పుడు ఆ మర చప్పుడు ఎవరికీ చెవులకు చేదుగా ఉండదు. పరాయివాని మర అయితే చిన్న చప్పుడు కూడా నిద్ర చెడగొడుతుంది.

గడ్డితో ఇళ్లు వెచ్చబెట్టుకొన్న దీవి

సామ్సో అనే దీవి సంగతి చెప్పి ముందుకు సాగుతాను. 114 చదరపు కిలోమీటర్ల నేల, నాలుగు వేలకు లోపు జనం. బంగాళాదుంపలు పండించే రైతులు. 1997లో ప్రభుత్వం ఒక పోటీ పెట్టి, ఇంధనంలో తన కాళ్లమీద తాను నిలబడే దీవిగా మారడానికి సామ్సోను ఎంపిక చేసింది. రైతు బిడ్డ, ఉపాధ్యాయుడు అయిన సోరెన్ హెర్మాన్‌సెన్ ఇంటింటికీ తిరిగి, కాఫీ తాగుతూ, మాట్లాడి మాట్లాడి జనాన్ని ఒప్పించాడు. నేలమీద 11 మరలు, 2003 నాటికి సముద్రంలో 10 మరలు వచ్చాయి. కొన్ని రైతులవి, కొన్ని వాటాదారులవి, కొన్ని అక్కడి పురపాలక సంఘానివి.

గోధుమ గడ్డిని పెద్ద పొయ్యిలో కాల్చి, ఆ వేడినీటిని గొట్టాల ద్వారా ఊరంతటికీ పంపి, చలికాలంలో ఇళ్లు వెచ్చగా ఉంచుకొంటున్నారు. మన పొలాల్లో పత్తి కట్టె, మిరప కట్టె ఏటా తగలబెట్టి బూడిద చేస్తున్నాము. వారు గడ్డిపోచకు కూడా లెక్క కట్టారు.

అన్నీ మంచే చెప్పడం న్యాయం కాదు. ఉత్తర సముద్రంలో డెన్మార్కుకు చమురు, గ్యాసు కూడా దొరికాయి. అది వారికి ఆదుకోలు అయింది. అక్కడి గృహస్థులు కరెంటుకు కట్టే ధర ఐరోపాలో ఎక్కువ ఉన్నవాటిలో ఒకటి. ఇప్పుడు కొత్తగా కట్టే మరలు చాలా పెద్దవి. పెద్ద కంపెనీల చేతిలోకి పోతున్నాయి. కొన్ని గ్రామాలు వద్దని అడ్డుపడుతున్నాయి కూడా. వాటా లేనిచోట సమ్మతి కష్టమేనని దానివల్ల తెలుస్తున్నది.

గాలి ఆగితే ఎలా? మన సాగరు చెప్పే జవాబు

గాలి ఆగినప్పుడు, ఎండ పోయినప్పుడు దీపం ఎలా వెలుగుతుంది? లా కూర్ మాస్టారిని వేధించిన ప్రశ్న ఇదే. డెన్మార్కు దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. పొరుగున ఉన్న నార్వేలో కొండలమీద పెద్ద జలాశయాలున్నాయి. 1970 దశకం నుండి సముద్రం అడుగున తీగలు వేసి రెండు దేశాలను కలిపారు. గాలి ఎక్కువగా ఉన్నప్పుడు డెన్మార్కు కరెంటు నార్వేకు పోతుంది. నార్వే తన నీటిని ఆపుకొంటుంది. గాలి ఆగినప్పుడు నార్వే నీటిని వదలి కరెంటు తీసి పంపుతుంది. అంటే పొరుగువాని చెరువు వీరికి గాదె అయింది.

మనకు అలాంటి గాదె మాచర్ల పక్కనే ఉన్నది. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువకు జవహర్ కాలువ అని పేరు. ఆ నీటితో పల్నాటి మెట్టలు మాగాణులైన సంగతి మనకు తెలుసు. కాని సాగరు విద్యుత్ కేంద్రంలో ఉన్న ఒక విశేషం చాలామందికి తెలియదు.

1978 నుండి అంచెలంచెలుగా పని మొదలుపెట్టిన అక్కడి ప్రధాన కేంద్రంలో 8 యూనిట్లున్నాయి. మొత్తం సామర్థ్యం సుమారు 816 మెగావాట్లు. వాటిలో 7 యూనిట్లు రెండు పనులు చేయగలవు. నీరు కిందికి దూకేటప్పుడు తిరిగి కరెంటు తీస్తాయి. కరెంటు మిగులుగా ఉన్నప్పుడు అదే యంత్రం వెనుకకు తిరిగి, దిగువ నీటిని తోడి మళ్లీ డ్యాములోకి ఎక్కిస్తుంది. మన ఇళ్లలో పగలు మోటారు వేసి పైతొట్టి నింపుకొని, రాత్రి కుళాయి తిప్పుకొన్నట్లే. అయితే తోడడానికి దిగువన నీరు నిలిచి ఉండాలి గదా! అందుకే సుమారు ఇరవై కిలోమీటర్ల దిగువన, రెంటచింతల మండలంలోని సత్రశాల వద్ద టెయిల్‌పాండ్ ఆనకట్ట కట్టారు. అక్కడ కూడా 25 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ప్రధాన కేంద్రం తెలంగాణకు, 90 మెగావాట్ల కుడి కాలువ కేంద్రం ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాయి.

రాబోయే రోజుల్లో ఇలాంటి ఎత్తిపోతల కేంద్రాలకు గిరాకీ పెరుగుతున్నది. ఎందుకంటే దేశంలో ఎండ కరెంటు పగలే వస్తుంది, మనకు కావలసింది సాయంత్రం. 2025 జూన్ నాటికి మన దేశపు విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాసు, చమురు కానివాటి నుండి సమకూరింది. 2030కి చేరాలనుకొన్న గురి అయిదేండ్లు ముందే చేరింది. కాని స్థాపిత సామర్థ్యం వేరు, రోజూ నిజంగా వచ్చే కరెంటు వేరు. ఎండలేని వేళ బొగ్గే ఇప్పటికీ ఎక్కువ బరువు మోస్తున్నది. అందుకే పగటి ఎండను రాత్రికి దాచే సాగరువంటి గాదెలు విలువైనవి.

ఇంకొక మాట మరచిపోరాదు. ఆ గాదె కట్టడానికి కృష్ణాలోయలోని పల్లెలు మునిగాయి. మన వెలుగుకు ఎవరో ఇల్లు వదిలారు. రేపు కట్టబోయే ప్రతి ప్రాజెక్టు దగ్గర కూడా ఆ లెక్క అడగాలి.

ఇంటిమీద ఎండ పంట

గాలిమరలకు మన జిల్లాకంటే అనంతపురం, కర్నూలు వైపు కొండలు అనువైనవి. మనకున్నది ఎండ. మన ఇళ్లకు సంబంధించిన పథకం 2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన పి.ఎం. సూర్యఘర్. కోటి ఇళ్ల కప్పులమీద సోలారు పలకలు పెట్టించాలని దాని ఉద్దేశం. రాయితీ 1 కిలోవాటుకు 30,000 రూపాయలు, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు గాని అంతకు మించినదానికి గాని 78,000. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా, బీసీ కుటుంబాలకు అదనపు రాయితీతో అమర్చే కార్యక్రమాన్ని మన రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రకటించింది. ఎవరికి ఏది వర్తిస్తుందో, ఏ ధ్రువపత్రం కావాలో కరెంటు ఆఫీసులో అడిగి తెలుసుకోండి. ఏజెంటు మాట మీద ఆధారపడకండి.

ఒక కిలోవాటు పలకలకు సుమారు నూరు చదరపు అడుగుల చోటు కావాలి. మన ఎండకు రోజుకు సగటున 4 యూనిట్లు, నెలకు 120 యూనిట్ల దాకా వస్తాయి. మన అవసరానికి మించిన కరెంటు తీగలోకి పోతుంది, నెట్ మీటరు ఆ లెక్క రాసుకొంటుంది.

ఇక్కడ పల్నాడువారు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నాయి. పలకకు కావలసింది వెలుతురు, వేడి కాదు. రెంటచింతల ఎండకు పలక బాగా వేడెక్కితే కరెంటు కొంత తగ్గుతుంది. కాబట్టి పలకలను కప్పుకు అంటించక, కింద గాలి ఆడేటట్లు ఎత్తుగా బిగించాలి. పిడుగురాళ్ల, దాచేపల్లి వైపు సున్నపు దుమ్ము, సిమెంటు దుమ్ము పలకమీద పేరుకొంటే వెలుతురు లోపలికి పోదు. తెల్లవారుజామున, పలక చల్లగా ఉన్నప్పుడు మంచినీళ్లతో కడిగి మెత్తని గుడ్డతో తుడవాలి. మిట్టమధ్యాహ్నం కాలిన అద్దంమీద చల్లని నీళ్లు పోయరాదు.

ఇంకొకటి, చాలామంది మోసపోతున్నది ఇక్కడే. బ్యాటరీ లేని మామూలు సోలారు, ఊళ్లో కరెంటు పోయినప్పుడు తానూ ఆగిపోతుంది. స్తంభంమీద పనిచేస్తున్న లైన్‌మన్‌కు షాకు కొట్టకుండా అలా ఏర్పాటు చేశారు. సోలారు పెడితే ఇక కరెంటు కోతే ఉండదని ఎవరైనా చెపితే, బ్యాటరీ ఉన్నదా, దాని ధర ఎంత అని అడగండి.

లెక్క వేసుకొన్న తరువాతే సంతకం

ప్రభువు సెలవిచ్చిన ఉపమానంలో గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చొని ఖర్చు లెక్క చూచుకొంటాడు గదా. మనమూ చూద్దాము. 2022 నాటి ధరల ప్రకారం మన రాష్ట్రంలో ఇంటి కరెంటు మొదటి 30 యూనిట్లకు యూనిటుకు 1 రూపాయి 90 పైసలు, 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4 రూపాయల 50 పైసలు, 225 వరకు 6 రూపాయలు.

నెలకు 200 యూనిట్లు కాల్చే ఇంటికి ఈ లెక్కన సుమారు 867 రూపాయలు, ఏడాదికి పదివేలు దాటుతుంది. 2 కిలోవాట్లకు లక్ష అయిందనుకొని, రాయితీ 60,000 పోగా మిగిలిన 40,000 నాలుగేండ్లలో తిరిగి వస్తుంది. పలకలు పాతికేండ్లు ఉంటాయి కాబట్టి అది మంచి పని.

నెలకు 60 యూనిట్లు కాల్చే చిన్న ఇంటికి బిల్లు సుమారు 147 రూపాయలే. వారు 1 కిలోవాటు పెట్టి, రాయితీ పోను 20,000 సొంతంగా పెడితే, అది తిరిగి రావడానికి పదకొండేండ్లు పడుతుంది. అప్పు తెచ్చి వడ్డీ కడితే ఇంకా ఎక్కువ. అలాంటి కుటుంబం ఉచితంగా వస్తే తీసుకోవచ్చును గాని, అప్పు చేసి తీసుకోనవసరం లేదు. అంతకంటే ముందు పాత ఫ్యాన్ల సంగతి చూడడం మేలు. పాత ఫ్యాను 75 వాట్లు లాగితే కొత్తరకం ఫ్యాను 30 వాట్ల లోపే తిరుగుతుంది. పన్నెండు గంటలు తిరిగే ఫ్యానులో రోజుకు అర యూనిటు మిగులుతుంది.

కప్పు లేనివారి మాట

సోలారు పలకలకు గట్టి కప్పు కావాలి. రేకుల ఇంట్లో, పూరింట్లో, అద్దె ఇంట్లో ఉన్నవారి సంగతేమిటి? రాయితీ కప్పున్నవానికే పోతే, లేనివాడు మరింత వెనుకబడతాడు. డెన్మార్కులో నేల లేనివాడు కూడా వాటా కొని మరకు యజమాని అయ్యాడని చెప్పుకొన్నాము. అలాంటిది మనకు సాధ్యమా?

తెలుగువారికి ఇది కొత్త కాదు. కరీంనగరు ప్రాంతంలోని సిరిసిల్లలో 1970 నాటికే రైతులు, నేతపనివారు సభ్యులుగా విద్యుత్ సహకార సంఘం పని మొదలుపెట్టింది. దేశంలో మొదట స్థాపించిన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో అది ఒకటి. మన స్త్రీలు డ్వాక్రా సంఘాల్లో రోజుకు రూపాయి దాచి బ్యాంకులనే ఆశ్చర్యపరిచారు. నలుగురు కలసి డబ్బు దాచినవారు నలుగురు కలసి కరెంటు కూడా పండించగలరు. 2019లో వచ్చిన పి.ఎం. కుసుం పథకంలో రైతులు, సహకార సంఘాలు, పంచాయతీలు బీడు భూమిలో 2 మెగావాట్ల వరకు సోలారు పెట్టుకొని డిస్కంకు అమ్ముకొనే వీలు కల్పించారు. అయితే అది పెద్ద పెట్టుబడి. లెక్కలు తెలిసినవారు, నమ్మకస్తులు ముందుండాలి.

పొలం అడగడానికి వస్తే

కర్నూలు ప్రాంతంలోని ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో 2017లో 1000 మెగావాట్ల సోలారు పార్కు వచ్చింది. దాదాపు ఆరు వేల ఎకరాలు పట్టింది. మెట్ట ప్రాంతాలున్న ఏ ఊరికైనా రేపు ఇలాంటివారు రావచ్చును. కౌలు సొమ్ము ఏటా వస్తుందంటే ఆశ పుట్టడం సహజం. సంతకం చేయకముందు ఇవి అడగండి: ఎన్ని ఏండ్లు? కౌలు ఏటా ఎంత పెరుగుతుంది? కంపెనీ చేతులు మారితే ఎవరు కడతారు? గడువు తీరిన తరువాత స్తంభాలు, కాంక్రీటు ఎవరు తీసివేస్తారు? భూమిమీద కంపెనీ అప్పు తెచ్చుకొనే షరతు ఉన్నదా?

ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూముల బదిలీని 1977 నాటి చట్టం నిషేధించింది. తరువాత సవరణలు వచ్చాయి. కాబట్టి తెలిసిన వకీలుకు కాగితాలు చూపకుండా వేలిముద్ర వేయకండి. పొలం యజమానికి కౌలు వస్తుంది గాని, ఇప్పుడు ఆ పొలాన్ని కౌలుకు చేస్తున్న రైతుకు, అందులో మిరపకాయలు కోసే కూలి తల్లికి ఏమీ రాదు. మన సంఘాల్లో ఆ రెండో రకంవారే ఎక్కువ. పెద్దలు మాట్లాడేటప్పుడు వారిని కూడా కూర్చోబెట్టుకోవాలి.

మందిరం కప్పుమీద

చాలా పల్లెల్లో అన్నిటికంటే పెద్ద స్లాబు మన మందిరానిదే. సోలారు పెట్టిద్దామని మా సంఘ కమిటీలో మాట వచ్చింది. సూర్యఘర్ రాయితీ ఇళ్లకే గాని మందిరాలకు లేదని, మొత్తం సొమ్ము సంఘమే పెట్టుకోవాలని లెక్క తేలింది. అప్పుడు స్త్రీల సమాజపు పెద్దావిడ ఒకరు అడిగారు: "అయ్యగారూ, మందిరానికి కరెంటు కావాల్సింది ఆదివారం, సాయంత్రం కూటాలకు గదా. మిగతా రోజులు మిట్టమధ్యాన్నం వచ్చే కరెంటు ఎవరికి? ఆ డబ్బుతో మన ఇళ్లకు ఏదన్నా దారి చూపించరాదా?"

ఆ మాటకు అందరం ఆలోచనలో పడ్డాము. లెక్క చూస్తే ఆమె చెప్పింది సబబు. మందిరం పని వాయిదా వేసి, ముందు సంఘ కుటుంబాల మీటర్లు ఎవరి పేరున ఉన్నాయో చూద్దామనుకొన్నాము. చూస్తే, చాలా ఇళ్లలో మీటరు చనిపోయిన తండ్రి పేరున, తాత పేరున ఉన్నది. దరఖాస్తు చేసేవారి పేరున కనెక్షను లేకుంటే రాయితీ రాదు. పేరు మార్పిడికి కావలసిన మరణ ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదు, ఆధారు సమకూర్చి పెట్టడానికి ఇద్దరు యౌవనస్థులను నియమించాము. మందిరంమీద పలకలకంటే ముందు ఈ పని జరగాలని కమిటీ తీర్మానించింది.

యౌవనస్థులకు

ఐటిఐలో ఎలక్ట్రీషియను చదివి, పని లేక హైదరాబాదు బస్సెక్కుతున్న తమ్ముళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఇళ్లమీద పలకలు బిగించేవారు, ఇన్వర్టరు చెడితే బాగుచేసేవారు రేపు ప్రతి మండలానికీ కావాలి. 2015 నుండి కేంద్ర ప్రభుత్వం సూర్యమిత్ర అనే పేరుతో ఈ పనిలో శిక్షణ ఇప్పిస్తున్నది. లా కూర్ మాస్టారు పల్లె యువకులకు కరెంటు పని నేర్పింది వారు పల్లెలోనే నిలవాలని. మన పిల్లలకు కూడా ఆ అవకాశం ఉన్నది. చెల్లెళ్లు కూడా ఈ పని నేర్చుకోవచ్చును. కప్పు ఎక్కి పలక బిగించడానికి కావలసింది జాగ్రత్త, నేర్పు.

ఈ నెలలో చేయదగినవి

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ వ్యాసం చదివి వెంటనే పలకలు కొననవసరం లేదు. ముందుగా పోయిన ఏడాది కరెంటు బిల్లులు తీసి, నెలకు సగటున ఎన్ని యూనిట్లు కాలుతున్నాయో చూడండి. మీటరు ఎవరి పేరున ఉన్నదో చూడండి. కప్పు గట్టిదో కాదో తాపీమేస్త్రికి చూపించండి. వేపచెట్టు నీడ కప్పుమీద ఏ వేళకు పడుతున్నదో గమనించండి. చెట్టు కొట్టడంకంటే పలకలను జరపడం మేలు. దరఖాస్తు ప్రభుత్వ పోర్టలులోనే చేయండి. డిస్కం గుర్తించిన వ్యాపారితోనే బేరం మాట్లాడండి. రాయితీ నేరుగా మీ బ్యాంకు ఖాతాలోనే పడుతుంది. కాబట్టి రాయితీ ఇప్పిస్తానని నగదు అడిగేవానికి పైసా ఇవ్వకండి. అయిదేండ్ల మరమ్మతు హామీ కాగితంమీద రాయించుకోండి.

చదవడం రాని పొరుగువారు ఉంటే ఈ పేరా వారికి బిగ్గరగా చదివి వినిపించండి. వారి బిల్లు కూడా చూచి, మీటరుమీది పేరు వారికి చెప్పండి.